అప్‌డేట్: కొత్త టీచర్ క్లాసులో పిల్లలు నోరు విప్పారు

పోయిన నెల అడిగాను కదా, 2024 డీఎస్సీలో వచ్చిన కొత్త టీచర్ మూడో తరగతి పిల్లలు మాట్లాడట్లేదని ఏడుస్తోంది, నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి అని. మీరన్నట్టే ముందు నా క్లాసుకు రమ్మన్నాను. మాది దేవరకొండ దగ్గర తండా బడి, పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. బోర్డు మీద ‘అమ్మ’ పక్కన ‘యాడి’ అని రాశాను. ఎప్పుడూ తల వంచుకునే పిల్లాడు లేచి గట్టిగా చదివాడు! ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇప్పుడు రోజుకో మాట పిల్లల దగ్గరే నేర్చుకుంటోంది. మొన్న చాక్‌పీసు కోసం ఇద్దరు పోటీ పడ్డారని ఎంత సంబరంగా చెప్పిందో.

ఇంట్లో కూడా నయం. రాత్రిళ్లు ఆమె టెన్షన్ ఫోన్లు తగ్గాయి. మా పాప మళ్లీ నాకే ఎక్కాలు అప్పజెబుతోంది, పదమూడో ఎక్కం దగ్గర ఇంకా ఆగుతోంది.