హరప్పా తూనికరాళ్ల వెనక రాజున్నాడా, వర్తకులే కట్టుబడ్డారా?

తక్కెడ:
నిన్న వేరే చర్చలో ఒకాయన, "బలమైన ప్రభుత్వం లేకుండా సింధు నాగరికత ఊళ్లన్నిటిలో ఒకే తూకం ఎలా వస్తుందండీ?" అని అడిగి, ఇక మాట్లాడ్డానికేం లేదన్నట్టు వెళ్లిపోయారు. నాకది మింగుడు పడలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

తెలియనివాళ్ల కోసం: మొహెంజొదారో, హరప్పా, లోథాల్ లాంటి చోట్ల చెర్ట్ అనే గట్టి రాయితో నున్నగా అరగదీసిన చిన్న చిన్న ఘనాలు దొరికాయి. క్రీ.పూ. 2600–1900 మధ్యవి. చిన్న రాయి 0.85 గ్రాములు, అక్కణ్ణుంచి రెట్టింపు మీద రెట్టింపు: 1.7, 3.4, 6.8, 13.6, 27.2, 54.4. పెద్ద బరువుల్లో పదుల లెక్క వచ్చి కలుస్తుంది, 10 కిలోలు దాటిన రాయి కూడా ఉంది. హరప్పాకీ లోథాల్‌కీ దాదాపు 900 కిలోమీటర్ల దూరం. రెండు చోట్లా ఇదే వరస.

నేననేది, ఈ వరసలో దొంగరాయిని పట్టడానికి అధికారి అక్కర్లేదు. నీ దగ్గరున్న 6.8 రాయి, నా దగ్గరున్న 6.8 రాయి కలిపి ఒక పళ్లెంలో వేసి, రెండో పళ్లెంలో 13.6 రాయి పెడితే మూడింట్లో ఏదో తేడా ఉందని త్రాసే చెప్పేస్తుంది. పైగా 1, 2, 4 అంటూ 64 దాకా ఏడంటే ఏడు రాళ్లుంటే 127 వంతుల వరకు ఏ బరువైనా తూగుతుంది. సరుకు నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగేవాడికి ఇంతకంటే ఏం కావాలి? ఈ లెక్క అంగడిలో పుట్టింది, సర్కారు కచేరీలో కాదు.

పాత ఇన్‌స్పెక్టర్:
తూనికలు, కొలతల శాఖలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. తక్కెడ గారు ఎప్పుడూ సంతలో నిలబడి రాళ్లు తనిఖీ చేసినట్టు లేరు. కొనేటప్పుడు ఒక రాయి, అమ్మేటప్పుడు ఒక రాయి ఉంచుకున్న కొట్లు ఎన్ని చూశానో! ఇనపరాయి కింద గుంటలో సీసం పోసి, దాని మీద ముద్ర కొట్టేది ఊరికే కాదు. ఆ సీసం తవ్వేసినవాళ్లూ ఉన్నారు.

సింధుకి తర్వాతి కాలమే అయినా అర్థశాస్త్రం చూడండి. తూనికల మీద పౌతవాధ్యక్షుడని ప్రత్యేకంగా ఒక అధికారి, నాలుగు నెలలకోసారి తనిఖీ, ముద్ర లేని రాయి వాడితే జరిమానా. వర్తకులు వాళ్లంతట వాళ్లే బుద్ధిగా ఉంటే కౌటిల్యుడికి ఇంత శ్రమ దేనికి?

మట్టిపలక:
మాస్టారూ, ఆ ముద్ర దగ్గరే ఆగుదాం. రాజు తూకం సరిచేస్తే ఊరుకోడు, చెప్పుకుంటాడు. మెసొపొటేమియాలో (ఇప్పటి ఇరాక్) ఊర్ నగరాన్నేలిన ఉర్‌నమ్ము తన శాసన సంహిత మొదట్లోనే మినా రాయినీ షెకెల్ రాయినీ ప్రమాణం చేశానని రాయించుకున్నాడు (60 షెకెల్లు ఒక మినా, దాదాపు అరకిలో). అతని కొడుకు షుల్గి పేరు చెక్కిన తూనికరాళ్లు దొరికాయి. సింధు ఘనాల మీద ఏముంది? దాదాపు అన్నీ బోడిరాళ్లే. ముద్రికల మీద అంత రాసుకున్న జనం తూనికరాయి మీద గీత కూడా గియ్యలేదు.

ఇంకోటి. 2021లో కొందరు పరిశోధకులు మెసొపొటేమియా నుంచి యూరప్ దాకా దొరికిన కంచుయుగపు తూనికరాళ్లు 2000కు పైగా తీసుకుని లెక్కవేశారు. పైనుంచి ఏ అధికారమూ చెప్పకపోయినా, వర్తకులు ఒకరితో ఒకరు తూచుకుంటూ పోతే తూకాలు దగ్గరదగ్గరగానే ఉండిపోగలవని తేల్చారు.

పాత ఇన్‌స్పెక్టర్:
"దగ్గరదగ్గరగా" అంటే సరిపోదమ్మా. నకలుకి నకలు తీస్తూ పోతే తేడా పెరుగుతూనే ఉంటుంది. రెట్టింపు లెక్క నిష్పత్తిని కాపాడుతుంది, ఒప్పుకుంటాను. ఒక ఊళ్లో రాళ్లన్నీ కలిసికట్టుగా కాస్త తేలికైపోతే మీ త్రాసు ఏం చెబుతుంది? ఏమీ చెప్పదు! 13.6 అన్నది అక్కడా ఇక్కడా 13.6గానే నిలవాలంటే అసలు రాయి ఎక్కడో ఒకచోట భద్రంగా ఉండాలి.

అవుసలి మనవడు:
మా తాత కరీంనగర్ దిక్కు అవుసలి పని చేసేటోడు. మాకు అసలు రాయంటే గురివింద గింజనే. సింధు లెక్క గూడ గింజల మీదనే మొదలైందని కొందరంటరు, 0.85 గ్రాములంటే సుమారు ఎనిమిది గింజలని. గింజ చెట్టుకు కాస్తది, దానికి రాజెందుకు?

తక్కెడ:
అన్నా, బాగా గుర్తుచేశావ్. ఇన్‌స్పెక్టర్ గారి ప్రశ్నకు జవాబు అదే అనుకుంటా. రాయి అరిగినా, పోయినా గింజలు లెక్కపెట్టి మళ్లీ కొత్తది చేసుకోవచ్చు.

పాత ఇన్‌స్పెక్టర్:
గురివింద తన నలుపెరగదన్నట్టుంది మీ వాదన. ఒక గింజకీ ఇంకో గింజకీ ఎంత తేడా ఉంటుందో ఆ అవుసలి తాతగారినే అడగాల్సింది.

సరే, గింజ వదిలేయండి. హరప్పాలో తూనికరాళ్లు కోటగుమ్మాల దగ్గర ఎక్కువగా కనబడ్డాయని అక్కడ తవ్విన కెనోయర్ రాశారు. ఊళ్లోకొచ్చే సరుకు మీద పన్ను వసూలుకని ఆయన అభిప్రాయం. పెద్ద రాళ్ల కంటే చిన్నవే ఎక్కువ, అంటే విలువైన సరుకే తూచేవారు. సుంకం చౌకీ అంటే అదే కదా!

తక్కెడ:
గుమ్మాల సంగతి నాకు ఇబ్బందే, కాదనను. అక్కడెవరో కూర్చుని తూచి వసూలు చేసేవారు, అంతవరకు ఒప్పుకున్నాను. కానీ సుంకం తీసుకునేవాడు ఆ తూకాన్ని కనిపెట్టాడనుకోవడానికి ఆధారమేది? అప్పటికే అంగట్లో నడుస్తున్న రాయినే గుమ్మం దగ్గరా వాడి ఉండొచ్చు. మనూళ్లలో వీశెలు, మణుగులు అలాగే నడిచాయి. పలం మూడు తులాలు, 8 పలాలు సేరు, 5 సేర్లు వీశె, 8 వీశెలు మణుగు అని పుస్తకంలో ఉన్నా, ఊరు మారితే సేరు మారేది. అన్నిచోట్లా ఒకటే తూకం కావాలని 1956లో చట్టం తేవాల్సి వచ్చింది.

పాత ఇన్‌స్పెక్టర్:
నా మాట మీరే చెప్పారు! అంతమంది వర్తకులు అన్నేళ్లున్నా సేరు ఒకటి కాలేదు. చట్టం వచ్చాకే అయింది.

మట్టిపలక:
😀 తక్కెడ గారూ, ఇది మాత్రం మాస్టారికే పోయింది.

తక్కెడ:
పోయింది. బోడిరాళ్ల ప్రశ్నకు మాత్రం ఆయన ఇంకా జవాబు చెప్పలేదు, గుర్తుంచుకోండి.

అవుసలి మనవడు:
పొద్దున తాత డబ్బీల గింజలు తీసి నగల త్రాసు మీద 128 తూచిన (0.85కు ఎనిమిదంటే 13.6 రాయికి అన్ని గింజలు). మూడుసార్లు తూస్తే మూడు తీర్ల వచ్చింది. అమ్మనడిగితే, తాత గింజలను ఒక్కొక్కటి చేతిల వేసుకుని ఏరేటోడట, ఏరినయి వేరే డబ్బీల ఉండేటియట. ఆ డబ్బీ ఇప్పుడు దొరుకుతలేదు.