ఆంఫోటెరిసిన్ (ఫంగస్ మందు) ఎక్కిస్తుంటే రక్తం పడిపోతున్నది, మందు ఆపాల్నా?

ఓరుగల్లు వార్డు:
హెచ్‌ఐవీ పేషెంట్‌కు 38 ఏండ్లు, బరువు 48 కిలోలు, సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) 41. ఏడాదిగా ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందులు) వేసుకోలేదు. క్రిప్టోకాకల్ మెనింజైటిస్, అంటే మెదడు పొరలకు ఫంగస్ పట్టింది. మామూలు ఆంఫోటెరిసిన్ రోజుకు 48 మిల్లీగ్రాములు, తోడుగ ఇంకో ఫంగస్ మందు ఫ్లూకొనజోల్ 1200 మిల్లీగ్రాములు. ఇయ్యాల ఎనిమిదో రోజు. హీమోగ్లోబిన్ 10.1 నుంచి 8.4కు దిగింది. పొటాషియం 3.0. క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) 0.9 ఉండె, ఇప్పుడు 1.5. ఎంసీవీ (ఎర్రకణం సైజు) 87, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు బాగనే ఉన్నయి. నర్సంపేట నుంచి వచ్చిన ఇంటోళ్లు "ఈ మందే రక్తం తాగుతున్నది, ఆపుండ్రి" అంటున్నరు. వాళ్లకు ఏం చెప్పాలె? ఐరన్ గోలీలు మొదలుపెడదామా?

హన్మకొండ మెడిసిన్:
ఆపకుండ్రి. ఇంటోళ్ల మాటల కొంత నిజం ఉంది, అది ఒప్పుకొనే చెప్పుండ్రి. ఆంఫోటెరిసిన్ కిడ్నీని దెబ్బకొడితే ఎర్రకణాలు తయారు చెయ్యమని ఎముక మజ్జకు చెప్పే ఎరిత్రోపొయిటిన్ తగ్గుతది. రెండు వారాల్ల 2 గ్రాముల దాక దిగుడు మామూలే, కోర్సు అయినంక కొన్ని వారాల్ల మెల్లగ లేస్తది. మెదడుల ఫంగస్‌ను సగంల వదిలేస్తే మాత్రం ప్రాణం పోతది. హీమోగ్లోబిన్ 7 కంటె తగ్గినా, ఆయాసం, గుండెదడ వచ్చినా ప్యాక్డ్ సెల్స్ (రక్తంల ఎర్రకణాలు) ఎక్కించాలె.

నాకు రక్తం కంటె పొటాషియం భయం. రోజూ మందుకు ముందు లీటరు నార్మల్ సెలైన్‌ల 20 మిల్లీమోల్ పొటాషియం క్లోరైడ్ కలిపి 2 నుంచి 4 గంటల్ల ఎక్కిస్తున్నరా? 3.3 కంటె దిగితే దాన్ని 40 చేసి, రోజూ పరీక్ష చెయ్యాలె. ఆంపుల్‌ను నేరుగ నరంలకు ఎప్పుడూ నెట్టొద్దు, గుండె ఆగిపోతది. ఎంత ఇచ్చినా పొటాషియం లేవకుంటే మెగ్నీషియం చూడుండ్రి. అది తక్కువుంటే ఇచ్చిన పొటాషియం అంత మూత్రంల పోతది. క్రియాటినిన్ మొదటిదానికి రెండింతలైతే ఒక డోసు ఆపి, సెలైన్ పెంచి, మళ్లీ చూడాలె. ఇంకా అంత దూరం రాలేదు.

ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మూడూ కలిసి పడితే లెక్క వేరు. అప్పుడు టీబీ, హిస్టోప్లాస్మా (ఇంకో ఫంగస్) మజ్జలకు చేరినయేమో అని బోన్ మారో తీసి ఫంగస్ స్టెయిన్, కల్చర్ పంపాలె. తలనొప్పి మళ్లీ పెరిగితే నడుము నీరు తీసి ప్రెషర్ కొలువుండ్రి. 25 సెంటీమీటర్లు దాటితే 20 లోపుకు దిగేదాక తియ్యాలె, అవసరమైతే రోజూ.

పరకాల ల్యాబ్:
శాంపిల్ సంగతి ఒకటి. సెలైన్ ఎక్కుతున్న చెయ్యి నుంచి రక్తం తీస్తే నీళ్లు కలిసి హీమోగ్లోబిన్ తప్పుడుగ తక్కువొస్తది. రెండో చెయ్యి నుంచి, బాటిల్ మొదలుపెట్టకముందే తియ్యుండ్రి. పొటాషియంకు ఉల్టా. చేతికి రబ్బరు ఎక్కువసేపు కట్టినా, సన్న సూదితో గట్టిగ లాగినా, శాంపిల్ గంటల తరబడి ఉన్నా కణాలు పగిలి విలువ పెరుగుతది. నిజంగ 2.8 ఉన్నది 3.6 అని వస్తే అందరం నిమ్మళంగ కూసుంటం, పేషెంట్ ఆపదల పడతడు. సీరం ఎర్రగ కనపడితే మళ్లీ అడుగుండ్రి. ప్లేట్‌లెట్లు 50,000 లోపుంటే నడుము నీరు తీసేముందు డాక్టర్‌కు చెప్పుండ్రి.

మందుల కౌంటర్:
ఐరన్ ఇప్పుడొద్దు. ఫెర్రిటిన్ (ఒంట్ల ఐరన్ నిల్వ) తక్కువని తేలితేనే. పొటాషియం పడగొట్టేది ఆంఫోటెరిసినే, ఐరన్‌తో అది మారదు. వేరే ఇన్ఫెక్షన్లు రాకుండ రోజుకు ఒక్కటి ఇచ్చే సెప్ట్రాన్ డీఎస్ గోలీ ఆపకుండ్రి, ఆ మోతాదుకు రక్తం ఇట్ల పడదు.

తర్వాత టీఎల్‌డీ (డొలుటెగ్రావిర్ కలిసిన హెచ్‌ఐవీ గోలీ) మొదలైనంక యాదుంచుకోండి: డొలుటెగ్రావిర్‌ను ఐరన్, కాల్షియం గోలీలకు 2 గంటల ముందు గాని, 6 గంటల తర్వాత గాని వెయ్యాలె. ఖాళీ కడుపున రెండూ కలిపి మింగితే మందు ఒంటికి పట్టదు. అన్నంతో కలిపి వేసుకుంటే పర్లేదు.

ఓరుగల్లు వార్డు:
మెగ్నీషియం పంపిన. లైపోసోమల్ (కొవ్వు పొరల చుట్టిన ఆంఫోటెరిసిన్) దొరికితే కిలోకు 10 మిల్లీగ్రాముల లెక్కన ఒక్కటే డోసు ఇయ్యొచ్చని విన్న, నిజమేనా?

మందుల కౌంటర్:
నిజమే, 2022ల ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అది లైపోసోమల్‌కే, ఒక్కసారే. దానితోటి 14 రోజులు ఫ్లూసైటొసిన్ (ఇంకో ఫంగస్ మందు), ఫ్లూకొనజోల్. మామూలు రకం కిలోకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు. ఆ 10 లెక్క దీనికి వేస్తే పేషెంట్ చచ్చిపోతడు. వయల్ మీద పేరు ఇద్దరు చదివి, కిలోల లెక్క ఇద్దరు వేసి, అప్పుడే కలపుండ్రి. మామూలుది 50 మిల్లీగ్రాముల వయల్‌కు 10 ఎంఎల్ స్టెరైల్ వాటర్, తర్వాత 500 ఎంఎల్ 5 శాతం డెక్స్‌ట్రోజ్. సెలైన్‌ల కలిపితే ముద్దలు కడుతది. నాలుగు గంటల్ల ఎక్కించాలె.

హన్మకొండ మెడిసిన్:
ఫ్లూసైటొసిన్ దొరికితే ఇంకోటి: కిడ్నీ మందగిస్తే అది ఒంట్ల పేరుకొని తెల్లకణాలను, ప్లేట్‌లెట్లను పడగొడుతది. క్రియాటినిన్ పెరిగిన ఈ పేషెంట్‌కు డోసు సరిచేసుకుని, వారానికి రెండుసార్లు సీబీపీ (రక్తకణాల లెక్క) చూడుండ్రి. హెచ్‌ఐవీ మందు జిడోవుడిన్‌తో మాత్రం కలపొద్దు, రెండూ మజ్జనే కొడతయి. ఏఆర్‌టీ ఇప్పుడే తొందరపడకుండ్రి. ఫంగస్ మందు మొదలైనంక 4 నుంచి 6 వారాలకే.