ప్రపంచ చరిత్ర రాద్దామని కూర్చుని మాధవాయిపాలెం రేవులో ఆగిపోయాను

సఖినేటిపల్లి మాస్టారు:

అందరికీ నమస్కారం. హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పి నాలుగేళ్ళ కిందట పదవీ విరమణ చేశాను. మా ఊరి గ్రంథాలయానికి పిల్లలు చదవదగ్గ ప్రపంచ చరిత్ర ఒకటి రాసిస్తానని నోరు జారాను. నలభై పేజీలు అయ్యాయి. చదివి చూసుకుంటే అది ముప్ఫయ్యేళ్ళు నేను చెప్పిన పాఠమే. గ్రీసు, రోము, చీకటి యుగం, కొలంబస్, ఆవిరి యంత్రం. నడుమ బుద్ధుడికీ అశోకుడికీ చెరో పేరా, పెళ్ళి విస్తట్లో అప్పడంలా.

మొదటి చిక్కు ‘మధ్యయుగం’. నన్నయ రాజమహేంద్రవరంలో భారతం మొదలుపెట్టిన 11వ శతాబ్దం కూడా ఆ పెట్టెలోనే పడింది. దేనికీ దేనికీ మధ్య? రోము పడిపోవడానికీ ఇటలీ వాళ్ళు మేలుకోవడానికీ మధ్య. నన్నయకు ఆ రెండింటితో పనేమిటి?

రెండోది రేవు. నర్సాపురం వెళ్ళాలంటే మేము పంటు ఎక్కి మాధవాయిపాలెంలో దిగుతాం. మోటారు సైకిళ్ళు, కొబ్బరి బస్తాలు, బడిపిల్లలు అందరూ ఒకేసారి దిగాలని తోసుకుంటారు. 17వ శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీకి అక్కడ బట్టల వర్తక స్థావరం ఉండేది. ఆ ఊరి పేరే ‘మడపోలం’గా మారి, ఫ్రెంచి నిఘంటువుల్లో నేటికీ ఒక రకం నూలు బట్టకు పేరుగా నిలిచింది. తర్వాత ఇంగ్లండు మిల్లులు కూడా అదే పేరుతో బట్ట నేశాయి. నా పుస్తకంలో మాంచెస్టర్ ఉంది, ఈ రేవు లేదు. చేర్చబోతే ఆ బట్ట మగ్గం మీద నేసినవాడి పేరు నాకు ఎక్కడా దొరకడం లేదు.

తెలుగు, ఇంగ్లీషు తప్ప నాకు మరో భాష రాదు. ప్రపంచం గురించి రాయడానికి నేనెవరిని? పెద్దలు దారి చెప్పండి.

గౌతమి గట్టు:

మాస్టారూ, ‘మధ్యయుగం’ తీసేసి శతాబ్దాలు ఉంచండి. నష్టమేమీ లేదు. అయితే పారిస్‌ను లేపి ఆ పీట మీద నర్సాపురాన్ని కూర్చోబెడతారేమోనని నా భయం. పీట అదే, కూర్చున్నవాళ్ళే మారతారు.

నన్నయను కాసేపు పక్కన పెట్టి ఆయన ప్రభువు చుట్టరికాలు చూడండి. రాజరాజనరేంద్రుడి భార్య అమ్మంగదేవి రాజేంద్ర చోళుడి కూతురు. ఆ మామగారే 1025లో సుమత్రా, మలయా తీరాల్లోని శ్రీవిజయం మీదికి ఓడలు పంపినవాడు. ఈ దంపతుల కొడుకు 1070లో కులోత్తుంగుడిగా చోళ సింహాసనం ఎక్కాడు. 1077లో చోళ రాజ్యం నుంచి 72 మంది రాయబారులు వచ్చారని చైనా వాళ్ళు రాసుకున్నారు. అందులో రాజు పేరు చైనా లిపిలో ఎంతగా నలిగిపోయిందంటే, ఆయనే కులోత్తుంగుడని తేల్చడానికి పండితులు కుస్తీ పట్టవలసి వచ్చింది. తాత, తండ్రి, మనవడు. ఒక్క ఇంటి కథ గోదావరి నుంచి చైనా దాకా పోయింది. ఏ యుగమని పేరు పెడతారు దీనికి?

యానాం వాసి:

భాషల బెంగ మీ ఒక్కరిదే కాదండి. మా ఊరి ఫ్రెంచి కాగితాలు దక్షిణ ఫ్రాన్సులోని ఎక్స్ నగరంలో ఉన్నాయి. పాలకొల్లు, జగన్నాథపురం డచ్చివారివి హేగ్‌లో, ఇంగ్లీషువి లండన్, చెన్నైలలో. ఒక్క డెల్టాకే ఇన్ని తాళంచెవులు కావాలి. ఎవరో చదివి చెప్పినది నమ్మక తప్పదు. కాకపోతే అంకె కనబడినప్పుడల్లా ఆగండి.

1839 నవంబరు ఉప్పెన మా పక్కనున్న కోరంగి రేవును ముంచేసింది. దాని గురించి వెతికితే 3 లక్షల మంది మనుషులు, 20,000 ఓడలు అని ఎక్కడ చూసినా ఉంటుంది. పడవ తోలి బతికిన మా పెదనాన్నకు ఇది చదివి వినిపించాను. చుట్ట తీసి పక్కన పెట్టి, “ఓడకు నలుగురేసి కళాసులనుకున్నా ఎనభై వేల మంది. వాళ్ళకు వంట ఎవరు చేశారురా?” అన్నారు. అంతకు ముందు 1789 డిసెంబరు ఉప్పెనలో కోరంగిలో 20,000 మంది పోయారని కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ రాశాడు. ‘సైక్లోన్’ అన్న మాట పుట్టించినవాడు ఆయనే. ఆనాటి మనుషుల అంకె ఎవరి చేతిలోనో జారి, యాభై ఏళ్ళ తర్వాతి ఓడల అంకె అయిందని నా అనుమానం. అనుమానం మాత్రమే, పుస్తకంలోకి ఎక్కించకండి.

అన్నట్టు, మా నాన్న ఫ్రెంచివారి కాలంలో ఇక్కడే చదువుకున్నారు. జూలై 14 వస్తే జెండా, మిఠాయి. 1789 అంటే ఫ్రెంచి విప్లవంలో జనం పట్టుకున్న బాస్టిల్ కోట. అదే ఏడాది డిసెంబరులో పక్కనున్న కోరంగి మునిగిందని ఆయన పెద్దయ్యాకగానీ వినలేదట.

కాలువ కింద రైతు:

నాకు చరిత్ర తెలియదు గానీ తేదీల తంటా తెలుసు. మా ముత్తాత పుట్టినది ‘నందన’ అని పాత పద్దు పుస్తకంలో ఉంది. అరవై ఏళ్ళకోసారి నందన తిరిగి వస్తుంది. 1832 అయితే నందన కరువులో పుట్టినవాడు. 1892 అయితే ధవళేశ్వరం ఆనకట్ట కట్టి నలభై ఏళ్ళయింది, గాదెలు నిండిన కాలం. మా మేనత్త మాత్రం, “కరువులో పుట్టాడు కాబట్టే అంత పిసినారి” అని తేల్చేసింది.

సఖినేటిపల్లి మాస్టారు:

ఆలస్యంగా జవాబిస్తున్నాను, క్షమించండి. ఆ ‘మధ్యయుగం’ అధ్యాయం పేరు ఇప్పుడు ‘1025 నుంచి 1077 దాకా’. గట్టు గారూ, పీట మాట గుచ్చుకుంది. నేను సరిగ్గా ఆ పనే చేయబోయాను.

1789 అధ్యాయం జూలైలో పారిస్‌లో మొదలై డిసెంబరులో కోరంగిలో ముగుస్తుంది. రెండింటికీ సంబంధం ఉందని రాయలేదు, లేదు కాబట్టి. 1839 దగ్గర ఓడల అంకె తీసేసి, పెదనాన్నగారి వంట ప్రశ్న పెట్టాను. రైతు గారూ, మీ మేనత్తగారి వాదన నాకు నచ్చింది గానీ ఆధారంగా చెల్లదు.

మడపోలం పేరాలో నేసినవాడి పేరు ఉండవలసిన చోట ఒక గీత గీసి వదిలాను. అచ్చువాళ్ళు అది తప్పనుకుని చెరిపేయకుండా చూసుకోవాలి.

యానాం వారూ, మీ నాన్నగారి చరిత్ర పుస్తకం అటక మీద ఎక్కడైనా ఉంటే, ఆ 1789 పేజీ ఫొటో తీసి పెట్టగలరా? ఫ్రెంచిలో ఉన్నా ఫర్వాలేదు.