బిల్డ్ చేశాక బుల్లి బొమ్మలు మాత్రమే మాయం, ఫేజర్ + వీట్ వాడేవాళ్లు కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. ఫేజర్ 3లో (బ్రౌజర్ గేములు చేసే జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్) చిన్న ప్లాట్‌ఫార్మర్ గేమ్ చేస్తున్నాను, బిల్డ్‌కి, అంటే కోడ్, బొమ్మలు అన్నీ హోస్టింగ్‌కి సిద్ధం చేయడానికి, వీట్ అనే టూల్. డెవ్ సర్వర్‌లో ఏ గొడవా లేదు, బిల్డ్ చేసి హోస్టింగ్‌లో పెట్టగానే ఏదో ఒక పేచీ.

మొదట నల్ల స్క్రీన్ వచ్చింది. గేమ్ సబ్‌ఫోల్డర్‌లో ఉంది, వీట్ ఏమో డిఫాల్ట్‌గా పాత్‌లన్నీ డొమైన్ మొదటి నుంచి రాస్తుంది కాబట్టి అన్నీ 404లే (ఫైల్ దొరకలేదనే ఎర్రర్). వీట్ సెట్టింగ్స్‌లో బేస్‌ని డాట్ స్లాష్ (./) చేస్తే పోయింది. అసలు తలనొప్పి తర్వాత మొదలైంది: బ్యాక్‌గ్రౌండ్, హీరో బాగానే వస్తున్నాయి, కాయిన్, హార్ట్ లాంటి చిన్న బొమ్మల చోట మాత్రం అడ్డగీత ఉన్న ఆకుపచ్చ డబ్బా. కన్సోల్‌లో లోకల్ డేటా యూఆర్ఐలు (ఫైల్ మొత్తాన్నీ తనలోనే ఇముడ్చుకున్న అడ్రస్‌లు) సపోర్ట్ చేయదని ఫేజర్ వార్నింగ్. తవ్వితే తేలిందేంటంటే, ఇంపోర్ట్ చేసిన ఫైల్ 4 కేబీ లోపు ఉంటే వీట్ దాన్ని బేస్64 (అక్షరాల రూపం) చేసి కోడ్‌లోనే ఇరికించేస్తోంది, నా పాత ఫేజర్ లోడర్ దాన్ని తీసుకోవట్లేదు.

ఆ 4 కేబీ హద్దుని మార్చే వీట్ సెట్టింగ్ అసెట్స్‌ఇన్‌లైన్‌లిమిట్ 0 పెడితే బొమ్మలు వస్తాయి, సరే. కానీ లెవెల్ మ్యాపుల పేర్లు రన్‌టైమ్‌లో నంబర్ కలిపి తయారవుతాయి, అవి బిల్డ్ కంట పడవు. పోనీ అని పబ్లిక్ ఫోల్డర్‌లో (వీట్ ఏమీ మార్చకుండా కాపీ చేసేది) పెడితే పేర్లకి హ్యాష్ (ఫైల్ మారితే తానూ మారే కోడ్) రాదు, అప్‌డేట్ ఇచ్చాక కొందరికి క్యాష్‌లో ఉన్న పాత మ్యాపే లోడ్ అయి హీరో నేలలోంచి కిందికి జారిపోతున్నాడు (చూస్తే నవ్వొస్తుంది, అది వేరే సంగతి).

మీరైతే ఏం చేస్తారు? ఇంపోర్ట్ మెటా గ్లోబ్‌తో (ఒక ఫోల్డర్‌లోని ఫైళ్లన్నీ ఒకేసారి ఇంపోర్ట్ చేసే వీట్ ఫంక్షన్) మ్యాపులన్నీ లాగుతారా, లేక పబ్లిక్‌లోనే ఉంచి యూఆర్ఎల్ చివర వెర్షన్ నంబర్ తగిలిస్తారా? ఫేజర్ అప్‌గ్రేడ్ చేయమని మాత్రం అనకండి, ఫిజిక్స్ అంతా మళ్లీ సెట్ చేసే ఓపిక లేదు.