చర్చ: టైమ్‌కి లాటిన్‌లో "టెంపుస్" ఒక్కటి రాస్తే సరిపోతుందా?

పెన్నాగట్టు (నెల్లూరు):
మా అమ్మాయి లాటిన్ నేర్చుకుంటోంది. నోట్సులో "టైమ్ అంటే టెంపుస్" అని ఉంది. నాకది తప్పనిపిస్తోంది. మనం "త్రీ టైమ్స్ చెప్పా", "టైమ్ ఎంత?", "నాకు టైమ్ లేదబ్బా" అంటాం. తెలుగులో విడదీస్తే మొదటిది తడవ, రెండోది గంట, మూడోది తీరిక. లాటిన్ కూడా విడదీస్తుంది. మూడు తడవలంటే "టెర్", గంటకి "హోర", తీరికకి "ఓటియుమ్". ఒక్క మాట నేర్పి వదిలేస్తే పిల్లలు అన్నిచోట్లా అదే పెట్టేస్తారు.

కావలి మాస్టారు:
అమ్మా, ముందు ఒక్క మాట గట్టిగా పట్టుకోనివ్వండి. టెంపుస్ అంటే మన "కాలం". రోమన్ చక్రవర్తి అగుస్తుస్ కాలంలో అనాలన్నా దాని రూపమే "టెంపొరిబుస్" అని రాస్తారు. దాన్నుంచి పుట్టిన "టెంపెస్టాస్" కూడా మొదట కాలం, రుతువు. తర్వాత వాతావరణం, చివరికి తుఫాను అయింది. మనకీ వానాకాలం, ఎండాకాలం లేవా?

పెన్నాగట్టు:
మాస్టారూ, "తాతగారు కాలం చేశారు" అన్నచోట టెంపుస్ పెడతారా? రోమన్లు అక్కడ "దియెమ్ ఓబీత్" అంటారు, అందులో ఉన్నది రోజు. ఇక అదను సంగతి. మన నెల్లూరు వైపు ఎక్కువ వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. ఆ అదను దాటాక చేతిలో కాలం ఎంత ఉన్నా రైతుకి ఏం లాభం? అదనుకి జరిగినదానికి లాటిన్‌లో "టెంపెస్టీవుస్" అని వేరే మాటుంది.

ఒంగోలు పంచాంగం:
మీ వాదన సరైందే గానీ, హోరని గంట అనడం నాకు మింగుడు పడలేదండీ. రోమన్లు పొద్దుపొడుపు నుంచి పొద్దుగూకే దాకా 12 భాగాలు చేసి ఒక్కోదాన్ని హోర అనేవారు. అంటే వేసవిలో పగటి హోర పెద్దది, చలికాలంలో చిన్నది. మన ఘడియ అలా కాదు, రోజుకి 60, ఒక్కోటి 24 నిమిషాలు.
ఇంకో మాట. మన జ్యోతిషంలోనూ హోర ఉంది. "అహోరాత్ర"లో మొదటి, చివరి అక్షరాలు తీసేస్తే హోర వచ్చిందని కొందరంటారని 6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహజ్జాతకంలో రాశాడు. నాకు మాత్రం గ్రీకు నుంచి వచ్చిందన్నదే నమ్మకం. లాటిన్‌కీ అక్కణ్ణుంచే వచ్చింది. మన "కేంద్రం" కూడా గ్రీకు మాటే.

కావలి మాస్టారు:
అహోరాత్రలో అంత చక్కగా ఇమిడిపోతుంటే గ్రీకు దాకా ఎందుకండీ? అది నేను ఒప్పుకోను. అదను విషయంలో మాత్రం అమ్మాయి నోట్సు మార్చాల్సిందే.

పెన్నాగట్టు:
హోర పక్కన "గంట" అన్న మాట కొట్టేయించి, "పగటిలో 12వ వంతు" అని రాయించాను. తడవకి, తీరికకి, అదనుకి వేరే వరసలు గీసింది.