అప్‌డేట్: బార్ క్లాసుకి ఏం వేసుకెళ్ళానంటే

డాలస్‌లో బార్ (barre, అంటే బ్యాలే డాన్సర్లు పట్టుకునే కడ్డీ దగ్గర చేసే వ్యాయామం) క్లాసులో చేరుతున్నాను, కుర్తీ, చుడీదార్ ప్యాంటుతో వెళ్ళొచ్చా, బ్యాలే షూ కొనాలా అని పోయిన వారం అడిగాను కదా. నిన్న మొదటి క్లాసు అయింది.

షూ అక్కర్లేదు. అరికాలి కింద రబ్బరు చుక్కలుండే గ్రిప్ సాక్సు చాలు. మునివేళ్ళ మీద లేపి, మోకాళ్ళు కొంచెం వంచి, అలాగే నిలబెడతారు. మామూలు సాక్సైతే చెక్క నేల మీద జారిపోతాయి. కామెంట్లలో ఆ మాట చెప్పిన అక్కకి చాలా థాంక్స్!

కుర్తీ వద్దని మీరు అన్నారుగా, చీలమండ దాకా ఉండే లెగ్గింగ్స్ వేసుకున్నాను. నడుము పట్టీ ఎత్తుగా ఉంది, వంగినా జారలేదు. పైన వదులు టీషర్టు వేసుకోవడమే పొరపాటు. ముందుకి వంగిన ప్రతిసారీ మెడ మీదికి వచ్చేసింది. పైగా నా నడుము నిటారుగా ఉందో లేదో టీచర్‌కి కనబడలేదు. అందుకే ఇవాళ ఒంటికి పట్టి ఉండే పొడవు చేతుల టాప్ కొన్నాను.

44 ఏళ్ళకి ఇలాంటి బట్టలేమిటని నిజంగా టెన్షన్ పడ్డాను. అక్కడ మా అమ్మ వయసు వాళ్ళూ ఉన్నారు. 1959లో లండన్‌లో ఈ పద్ధతి మొదలుపెట్టిన డాన్సర్ లాటీ బెర్క్‌కి అప్పటికి 46 ఏళ్ళట. గురువారం మళ్ళీ వెళ్తున్నాను.