మీల్‌వార్మ్ తప్ప ఏదీ ముట్టని లెపర్డ్ గెకోకి పట్టుపురుగులు అలవాటు చేయడమెలా?

నమస్కారమండీ. మాది మూడేళ్ళ ఆడ లెపర్డ్ గెకో (ఇంట్లో పెంచుకునే ఒక రకం బల్లి), బరువు 62 గ్రాములు, ఉండేది డాలస్‌లో. రెండు రోజులకోసారి 7 మీల్‌వార్ములు (ఒక రకం పెంకుపురుగు లార్వాలు) తింటుంది. కీచురాళ్ళు వేస్తే తల తిప్పేసుకుంటుంది. వేడి వైపు నేల 32 డిగ్రీలు, తోక బొద్దుగానే ఉంది. జబ్బు కాదు, మొండి అలవాటే అనుకుంటున్నాను.

మీల్‌వార్మ్‌లో కొవ్వు ఎక్కువ, భాస్వరంతో పోలిస్తే కాల్షియం బాగా తక్కువ. ముందురోజు వాటికి క్యారెట్, ఆవాకు మేపి, వేసేముందు కాల్షియం పొడి అద్దుతున్నాను. అయినా ఏళ్ళ తరబడి ఒకే పురుగు మంచిది కాదు. బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ లార్వాల్లో కాల్షియం సహజంగానే ఉంటుంది గానీ తోలు గట్టిది, సరిగా నమలకపోతే రెట్టలో అలాగే బయటపడతాయి.

అందుకే పట్టుపురుగులు. మెత్తటి ఒళ్ళు, నీరు ఎక్కువ, కొవ్వు తక్కువ. మల్బరీ ఆకు కడిగి, తుడిచి, పూర్తిగా ఆరాకే వేయాలి. తడి ఉంటే డబ్బాలో బూజు పట్టి పురుగులు చచ్చిపోతాయి. గెకో రెండు కళ్ళ మధ్య దూరం కంటే లావు లేనివే ఏరుతున్నాను. చిక్కల్లా ఒకటే, పట్టుపురుగు పెద్దగా కదలదు. పటకారుతో ముక్కు ముందు ఆడిస్తే తోక కొస వణికిస్తుంది, నాలుకతో ఒకసారి తాకుతుంది, వెనక్కి తగ్గిపోతుంది.

మీల్‌వార్మ్‌ని చిదిమి ఆ రసం పట్టుపురుగుకి పూస్తే ఎవరికైనా పనిచేసిందా? మీల్‌వార్మ్ పూర్తిగా మానేసి ఎన్ని రోజులు ఆగవచ్చు, ఎన్ని గ్రాములు తగ్గితే పట్టు సడలించాలి? అలవాటయ్యాక వారానికి ఏవి ఎన్నేసి ఇస్తున్నారు?